మునిగిన ఓడ మీద వచ్చిన అంకుల్

మా ఇంటి ఓనర్ అంకుల్ పరువు తీసింది నేనే. లైబ్రరీలో చదివి, రెండు చోట్ల సరిచూసుకుని, పొద్దున ఏడింటికి, నలుగురు చాయ్ తాగుతుండగా తీశాను. తప్పు కూడా ఇంత కష్టపడి చేసే మనిషిని తానెక్కడా చూడలేదని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

అడిక్‌మెట్‌లో, యూనివర్సిటీ వైపు తిరిగే మలుపులో, నాకు జిరాక్స్ షాపు ఉంది. కాలేజీలో నేను చదివింది ఇంటర్ దాకే. అందులోనూ ఒక సబ్జెక్టు ఇంకా మిగిలే ఉంది. ఆ తర్వాతి చదువంతా జిరాక్స్ మెషీన్ దగ్గరా, యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాల్లోనూ జరిగింది. జిరాక్స్ చదువుకు ఒక పద్ధతి ఉంది. పుస్తకాన్ని అద్దం మీద బోర్లించే ముందు రెండు పేజీల మీదా ఒకసారి కళ్లు పరిగెత్తిస్తాను. కాపీ బయటికి వచ్చాక సిరా సరిగ్గా పడిందా లేదా చూస్తున్నట్టు నటిస్తూ ఇంకోసారి చదువుతాను. అలా ఇన్నేళ్లలో కొంత న్యాయశాస్త్రం, బోలెడంత జంతుశాస్త్రం, మొగలుల పన్నుల విధానం, సిమెంటు గట్టిపడే తీరు నేర్చుకున్నాను. ఈ చదువులో లోపం ఒక్కటే. గిరాకీ ఏ పేజీలు అడిగితే అంతవరకే నా జ్ఞానం. కప్ప గుండె గురించి నేను అరగంట మాట్లాడగలను. కప్ప కాళ్ల గురించి ఇంతవరకూ ఎవరూ కాపీలు అడగలేదు.

ఆ ఖాళీలు పూడ్చుకోవడానికి లైబ్రరీకి పోతాను. మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక షట్టర్ సగం దించి, రీడింగ్ హాల్లో చివరి బల్ల దగ్గర కూర్చుంటాను. అక్కడ అట్టలు ఊడిన పాత ఇంగ్లిష్ విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఉంటాయి. వాటిని ఎవరూ ముట్టరు కాబట్టి అవి నా సొంతం అనుకుంటాను. ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు నన్ను మొదట్లో ఆయమ్మ అనుకున్నారు. తర్వాత సందేహాలు అడగడం మొదలుపెట్టారు. ఆ గర్వం నాకు చాలానే ఉంది, దాచుకోను. ఏ సంగతి అడిగినా ఫోన్ తీసి గీకేవాళ్లంటే నాకు చులకన. ఆ చులకన గురించి కూడా కింద చెప్తాను.

మేముండేది తార్నాకలో, మేడ మీది పోర్షన్‌లో. కింద ఓనర్లు. వాళ్లది కాకినాడ దగ్గర. అంకుల్ నేవీలో చేసి, రిటైరై, తర్వాత ఏదో ఆఫీసులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేసి, అక్కడా రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయన చేసే ఉద్యోగం ఒక్కటే, మార్నింగ్ వాక్. తెల్ల కాన్వాస్ బూట్లు, నిక్కరు, తలమీద ఓడ బొమ్మ కుట్టిన టోపీ. యూనివర్సిటీలో ఒక చుట్టు తిరిగి, కాలేజీ ముందు రోడ్డు పక్కనుండే చాయ్ బండి దగ్గర ఆగేవాడు. అక్కడ ఆయనకు ఇద్దరు శాశ్వత శ్రోతలు. ఒకాయన రిటైరైన జువాలజీ లెక్చరర్, నా పాత గిరాకీ. కప్ప గుండె ఆయన పుణ్యమే. ఇంకొకాయన రైల్వేలో చేసినాయన. మల్కాజ్‌గిరి నుంచి స్కూటర్ మీద వచ్చి, బండి స్టాండ్ వేసి, దాని చుట్టూ నాలుగు అడుగులు వేసి, నడక అయిపోయిందనేవాడు. షాపు తెరవబోతూ నేను కూడా ఆ బండి దగ్గరే చాయ్ తాగేదాన్ని.

అంకుల్ దగ్గర రెండు కథలు ఉండేవి. మొదటిది వాళ్లమ్మది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు ఆవిడ చిన్నపిల్లట, రుబ్బురోలు పక్కన దాక్కుందట. రెండోది ఆయనదే. మన నేవీ విరాట్ అనే విమానవాహక నౌకను ఇంగ్లండ్ నుంచి కొన్నప్పుడు, దాన్ని తీసుకురావడానికి అక్కడికి వెళ్లిన మనవాళ్లలో ఆయన ఒకడు. "అప్పుడు దాని పేరు విరాట్ కాదండీ, హెర్మెస్. హెర్మెస్‌ని తెచ్చింది మేమే!" అనేవాడు. చలి, మంచు, తెల్లవాళ్ల రేవు, తిరుగు ప్రయాణంలో తుపాను, అన్నీ వచ్చేవి. అందులో ఆయన ఏం చేశాడో మాత్రం ఎప్పుడూ సరిగా రాలేదు. "కింద ఉండేవాణ్ణి, వేడిలో" అనేవాడు. అందరం ఇంజన్ రూమ్ అనుకునేవాళ్లం.

ఈ కథలు వినివిని నాకు విసుగొచ్చిన మాట నిజం. కానీ నన్ను రెచ్చగొట్టింది వేరే మాట. ఒకరోజు నేను సముద్రపు పోటు గురించి చంద్రుణ్ణి కలిపి నాలుగు ముక్కలు చెప్పబోతే, ఆయన చెయ్యెత్తి ఆపి, "జిరాక్స్ తీసినంత మాత్రాన సముద్రం తెలీదమ్మాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. చాయ్ బండి ఆయన కూడా నవ్వాడు, అది ఇంకా మండింది.

తర్వాత ఒక నెల గడిచిందో లేదో, హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్న ఒకతను ఒక పుస్తకం తెచ్చి ముప్పై పేజీలు కాపీ తియ్యమన్నాడు. బంగాళాఖాతం మీద జపాన్ దాడి గురించి. నా పద్ధతిలో చదువుకుంటూ పోతున్నాను. కాకినాడ వచ్చింది, విశాఖపట్నం వచ్చింది. 'అంకుల్ వాళ్లమ్మ నిజమే చెప్పింది పాపం' అనుకున్నాను. పేజీ తిప్పాను. అదే నెలలో, అదే జపాన్ నౌకాదళం విమానాలు పంపి, సిలోన్ తీరం దగ్గర ఇంగ్లిష్‌వాళ్ల విమానవాహక నౌకను ముంచేసిందని రాసి ఉంది. దాని పేరు హెర్మెస్.

నా చెయ్యి ఆకుపచ్చ బటన్ మీదే ఆగిపోయింది.

తొందరపడలేదు. చదువుకున్నదాన్ని కదా. ఆ మధ్యాహ్నమే షట్టర్ దించి లైబ్రరీకి పోయి, నా పాత సంపుటాల్లో హెచ్ అక్షరం తీశాను. అక్కడా అదే ఉంది. ఓడ పుట్టిన సంవత్సరం, మునిగిన సంవత్సరం, 1942, ఖతం. రెండు పుస్తకాలు ఒకే మాట చెప్తే ఇంకేం కావాలి? ఆ సంపుటం అచ్చయిన సంవత్సరం మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పేజీ చూడాలని నాకు తోచలేదు. అంకుల్ ఎక్కానని చెప్పే ఓడ ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి సముద్రంలోకి దిగనేలేదు. పాత పుస్తకం పాపం తనకు తెలిసినంత వరకే చెప్పింది, నాలాగే.

మునిగిన సంగతి ఉన్న పేజీ ముందురోజే ఒక కాపీ ఎక్కువ తీసుకున్నాను. మర్నాడు దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని చాయ్ బండి దగ్గరికి పోయాను. అంకుల్ అప్పటికే తుపానులో ఉన్నాడు.

"అంకుల్, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు" అన్నాను.

"అడుగమ్మాయ్. నాకు తెలీకపోతే ఎలాగూ నువ్వే చెప్తావు."

"మీరు తెచ్చిన ఓడ పాత పేరు ఏంది?"

"హెర్మెస్. ఎన్నిసార్లు చెప్పాను!"

"మీ అమ్మ కాకినాడల బాంబులు చూసింది ఏ సంవత్సరం?"

"నలభై రెండు. ఎందుకూ?"

"మరి గా నలభై రెండులనే, గా జపానోళ్లే, హెర్మెస్‌ను సిలోన్ కాడ ముంచిన్రు. ఇగో, అచ్చుల ఉన్నది. మునిగిన ఓడను మీరు ఇంగ్లండ్ల ఎట్ల ఎక్కిన్రు అంకుల్?"

రైల్వే ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "అరె వాహ్! సబ్‌మెరైన్ అయ్యుంటది లే" అన్నాడు.

"అది వేరు, ఇది వేరు అమ్మాయ్" అన్నాడు అంకుల్.

"పేరు గదే గదా?"

"పేరు అదే."

"దేశం?"

"దేశమూ అదే."

"గది గూడ విమానాలు దిగే ఓడనే గదా?"

"అదీ... అదే. కానీ..."

"గింకేం కానీ అంకుల్!" అన్నాను. సినిమా కోర్టులో లాయర్లు తిరిగినట్టు కొంచెం తిరిగి కూడా ఉంటాను, సరిగా గుర్తులేదు.

లెక్చరర్ సార్ కళ్లద్దాలు పైకి నెట్టి ఫోన్ తీశాడు. హెర్మెస్ అని కొడితే ముందు ఆడవాళ్ల చేతిసంచీలు వచ్చాయి. "ఇవేంది, గింత రేట్లున్నయి" అని కాసేపు వాటిని చూశాడు. తర్వాత నన్నే అడిగి, నేను చెప్పిన మాటలే చెప్పిన వరసలో కొట్టాడు. పొగలు కక్కుతూ ఒక పక్కకు ఒరిగిన ఓడ ఫోటో వచ్చింది. ఫోన్ నేను అడిగిన ప్రశ్నకు నాకు నచ్చిన జవాబే ఇచ్చింది. ఆ ఒక్కరోజు ఫోన్ మీద నాకు చాలా గౌరవం కలిగింది.

"ఉన్నది సార్. మునిగింది" అన్నాడు లెక్చరర్ సార్. ఆయన మంచి మనిషి, ఎగతాళి చెయ్యలేదు. మెల్లగా అడిగాడు. "అయితే మీరు అసలు ఏ ఓడల ఉన్నరు? దాంట్ల మీ డ్యూటీ ఏంది?"

అంకుల్ సగం తాగిన గ్లాసు బండి మీద పెట్టి, టోపీ సర్దుకుని, తార్నాక వైపు నడిచి వెళ్లిపోయాడు. ఆ ముఖం చూసి ఆయన ఓడిపోయాడనుకున్నాను. నేను గెలిచాను కాబట్టి ఆయన ఓడిపోయి ఉండాలి, అంతే నా లెక్క.

సాయంత్రం మా ఆయనకు గొప్పగా చెప్పాను. ఆయన క్యాబ్ తోలి అలసిపోయి కాళ్లు చాపుకుని ఉన్నాడు. "కిరాయి ఇంట్ల ఉండి ఓనర్‌నే ముంచినవా? మంచిగున్నది. అట్టపెట్టెలు ఎక్కడ దొరుకుతయో గదిగూడ లైబ్రరీల చూసి రా" అన్నాడు.

అంకుల్ మర్నాడు వాకింగ్‌కు రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. చాయ్ బండి దగ్గర మాత్రం ఆయన లేకుండానే ఆయన కథ నడిచింది. రైల్వే ఆయన పేరు పెట్టేశాడు, సబ్‌మెరైన్ సాబ్. కాకినాడ బాంబులు కూడా అబద్ధమే అన్నాడు. అసలు నేవీలో చేశాడో లేదో అన్నాడు. ఆ టోపీ ముషీరాబాద్‌లో దొరుకుతుందన్నాడు. బాంబులు నిజమేనని, పుస్తకంలో ఉన్నాయని నేనే ఆయన తరఫున వాదించాల్సి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగో రోజు బట్టలు ఆరెయ్యడానికి ఆంటీ మేడ మీదికి వచ్చింది. తడి లుంగీని దులిపిన తీరులోనే కోపం తెలిసింది.

"ఏం చేశావే ఆయన్ని? నాలుగు రోజుల్నించి గుమ్మం దాటట్లేదు. నడవండీ అంటే హాల్లోంచి వంటింటి గుమ్మందాకా నడుస్తున్నారు, మళ్లీ వెనక్కి. నాకు పిచ్చెక్కిపోతోంది."

"నేనేం జేసిన ఆంటీ? ఉన్న నిజం చెప్పిన."

"నీ నిజం నీ నెత్తిన పెట్టుకో. ఇల్లు బేరం పెట్టి కాకినాడ పోదాం అంటున్నారు. అక్కడ మావాళ్లలో ఒక్కరితోనూ ఆయనకి పడదు. ఉన్నదల్లా ఆ చాయ్ బండి దగ్గర ఇద్దరు ముసలాళ్లు. వాళ్లని కూడా నువ్వు లాగేసుకున్నావు."

మంచి మనిషైతే ఆ మాటకు కరిగిపోయేది. నేను లైబ్రరీకి పోయాను. ఆంటీకి చూపించడానికి ఇంకో సాక్ష్యం కావాలనిపించింది, ఎలాంటి అనుమానానికీ చోటు లేకుండా. కౌంటర్‌లో అడిగితే ఇంగ్లిష్ యుద్ధనౌకల పేర్ల నిఘంటువు ఒకటి తెచ్చి ఇచ్చారు. రెండు చేతులతో మోయాల్సినంత ఉంది. నా చివరి బల్ల మీద తెరిచి హెచ్ దగ్గరికి పోయాను.

హెర్మెస్ ఉంది. దాని కింద ఇంకో హెర్మెస్ ఉంది. దాని కింద ఇంకోటి. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ పోయి కొంతసేపటికి ఆపేశాను.

మొదటిది డచ్చివాళ్ల దగ్గర లాక్కున్న తెరచాప ఓడ. లాక్కుని ఎంతో కాలం కాకుండానే సముద్రంలో కొట్టుకుపోయింది. ఒకటి అమెరికాలో కోట మీదికి పోయి నేలకు తగిలి ఇరుక్కుపోతే, శత్రువుకు దక్కకుండా దాని మనుషులే తగలబెట్టారు. ఒకదానికి పక్కన మిల్లు చక్రాల్లాంటి చక్రాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకదాన్ని జర్మనీ జలాంతర్గామి ముంచింది. తర్వాతది నాది, అంటే సిలోన్ దగ్గర మునిగింది. దాని కింద ఇంకొకటి. యుద్ధం జరుగుతుండగా కట్టడం మొదలుపెట్టి, చాలా ఏళ్లకు పూర్తిచేసి, ఎన్నో ఏళ్లు వాడుకుని, చివరికి భారతదేశానికి అమ్మారు. భారతదేశంలో పేరు: విరాట్.

ఇంకో ముక్క కూడా ఉంది. అది కడుతున్నప్పుడు దాని పేరు హెర్మెస్ కాదు. ఏనుగు. ఇంగ్లిష్‌లో ఎలిఫెంట్. ఆ పేరే ఉంచేసి ఉంటే నాకీ తలనొప్పి ఉండేది కాదు.

'అది వేరు, ఇది వేరు' అని అంకుల్ ఎంత స్పష్టంగా చెప్పాడో అప్పుడు గుర్తొచ్చింది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయన నిజమే చెప్పాడు.

నా మీద నాకు వచ్చిన కోపం కాసేపు ఇంగ్లిష్‌వాళ్ల మీదికి తిప్పాను. మునిగిపోయినా, కాలిపోయినా, కొట్టుకుపోయినా మళ్లీ అదే పేరు పెట్టే మనుషుల్ని ఏమనాలి? మనమైతే పేరు మార్చి, తూర్పు దిక్కు చూపించి, శాంతి చేయించేవాళ్లం. పోనీ ఆ హెర్మెస్ పెద్ద యోధుడా అంటే అదీ కాదు. గ్రీకుల కథల్లో ఆయన దేవుళ్ల పోస్ట్‌మన్. రెక్కలున్న చెప్పులు వేసుకుని ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చేరవేస్తాడు. మన నారదుడికి చెప్పులు తొడిగితే దాదాపు ఆయనే. పుట్టిన రోజే తన అన్నగారి పశువుల్ని దొంగిలించి, అమాయకంగా ముఖం పెట్టాడట. ఫిరంగులు మోసే ఓడకు ఈయన పేరేంటి? చూసినదీ చూడనిదీ మోసుకుపోయి చాయ్ బండి దగ్గర పారబోసినదానికి, అంటే నాకు, ఆ పేరు పెట్టినా అర్థం ఉండేది.

ఆ పేజీ కాపీ తీయించుకుని ఇంటికి పోయాను. ఆంటీ గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. పక్కనే కూర్చుని నేనూ నాలుగు తుంచి, సంగతి చెప్పాను. ఓడలు చాలా ఉన్నాయని, పేరు ఒక్కటేనని, ఒకటి పోయాక ఇంకోదానికి పెడతారని, అది నాకు తెలియలేదని.

ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇది తెలుసుకోడానికి అంత లావు పుస్తకం కావాల్సొచ్చిందే నీకు? మా మావగారు పోయారు. ఏడాది తిరక్కుండా మా పెద్దాడు పుట్టాడు. ఆయన పేరే పెట్టాం. ఆ పేరు నేను నోటితో అనకూడదని ఇప్పటికీ వాణ్ణి 'చిన్నబాబూ' అంటాను, నలభై ఏళ్లొస్తున్నాయి వాడికి. ఎవరైనా వచ్చి 'మీ మావగారు పోయారు కదండీ, మరి ఈ బెంగుళూరులో ఉద్యోగం చేసేవాడెవడూ' అంటే చెప్పుతో కొట్టనూ?"

"కొడతరు ఆంటీ."

"మీ ఇళ్లల్లో పెట్టుకోరా తాతల పేర్లు?"

పెట్టుకుంటాం. మా అన్నకు మా తాత పేరే. ఊళ్లో అందరూ పెద్దాయన పేరు తలుచుకుని చిన్నోణ్ణి తిట్టేవారు. పుస్తకంలో కనపడేసరికి నాకు అది తట్టలేదు.

లోపల్నుంచి అంకుల్ వచ్చాడు. గడ్డం పెరిగింది. నేను లేచి నిలబడి, "అంకుల్, నాదే తప్పు. రేపు పొద్దుగాల అందరి ముంగట చెప్త" అన్నాను.

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖం ఇంకా పాలిపోయింది. "వద్దమ్మాయ్. వదిలెయ్. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు."

"గదేంది అంకుల్? మీరు అబద్ధాలాడిన్రని అనుకుంటున్నరు."

"అనుకోనీ. నువ్వింకా చదవకు. ఆ ఓడ జోలికి వెళ్లకు."

ఆంటీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది. మొగుడి వంక చూసి, చూసి, "ఓహో! దీనికా ఇదంతా?" అని నవ్వడం మొదలుపెట్టింది. ఒళ్లో చిక్కుళ్లు కింద పడ్డాయి. "నాలుగు రోజులు నా ప్రాణం తీసింది దీనికా? రేపు వెళ్తున్నారు మీరు. వెళ్లకపోతే నేనే వెళ్లి చెప్పొస్తా, మొత్తం."

"నువ్వూరుకో" అన్నాడు అంకుల్ మెల్లగా. ఏమిటో నాకు అర్థం కాలేదు. అడగలేదు. జీవితంలో మొదటిసారి ఒక సంగతి తెలుసుకోకుండా పైకి వచ్చేశాను.

మర్నాడు గడ్డం గీసుకుని అంకుల్ వచ్చాడు. వచ్చాడు గానీ బండికి పదడుగుల దూరంలో నిలబడ్డాడు. రైల్వే ఆయన చెయ్యెత్తి, "రండి రండి సబ్‌మెరైన్ సాబ్, పైకి తేలిన్రా?" అన్నాడు. నేను వెంటనే కాగితం తీసి, అంతకు ముందు ఎంత గట్టిగా అన్నానో అంతే గట్టిగా, నేను చెప్పింది తప్పని చెప్పాను. ఓడలన్నీ వరసగా చదివాను. ఏది తగలబడిందో, ఏది కొట్టుకుపోయిందో, ఏది మునిగిందో, ఏది మనకొచ్చిందో.

ఎవరికీ నచ్చలేదు. నిజం కంటే సబ్‌మెరైన్ బాగుందని వాళ్ల ముఖాలే చెప్పాయి.

"ఏందమ్మా, గా రోజు ఒకటన్నవ్, గీ రోజు ఇన్నంటున్నవ్. రేపు ఎన్నంటవ్?" అన్నాడు రైల్వే ఆయన.

"మీ తాత పేరు ఎవరికన్న పెట్టిన్రా సార్ ఇంట్ల?"

"నాకే పెట్టిన్రు."

"మీ తాత ఉన్నడా?"

"ఎప్పుడో పాయె."

"మరి గీ స్కూటర్ ఎవరు తోలుతున్నరు?"

లెక్చరర్ సార్ పకపకా నవ్వాడు. ఆయనకు అర్థమైపోయింది. తిన్నగా పోయి అంకుల్ చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకొచ్చాడు. "మాఫ్ చెయ్యండి సార్. ఫోన్ల గూడ చూపిస్తి, నాదీ తప్పే. కానీ గా రోజు డ్యూటీ ఏందంటే చెప్పకుండ పోయిన్రేంది? గందుకే గదా మేము నమ్మింది."

అంకుల్ నా వంక చూశాడు. చాయ్ బండి ఆయన ఒక గ్లాసు పోసి ముందు పెట్టాడు. అంకుల్ దాన్ని ముట్టుకోలేదు.

"వంట" అన్నాడు.

"ఏంది?"

"వంట చేసేవాణ్ణండీ. గ్యాలీ అంటారు, ఓడలో వంటిల్లు. ఇంజన్ రూమ్ అని నేనెప్పుడూ అన్లేదు. మీరనుకున్నారు. నేను కాదన్లేదు." ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. "ఇంగ్లండు వెళ్లింది నిజం. తెచ్చింది నిజం. తుపానూ నిజమే, ఆ తుపానులో నేను పప్పు వండుతున్నా. పెళ్లిచూపుల్లో నేవీ అన్నాను, అంతే. మా మావగారు కూడా ఇంజన్లే అనుకుని పోయారు, మా ఆవిడకి తర్వాతెప్పుడో తెలిసింది. ఇంట్లో ఎప్పుడూ గరిటె పట్టుకోలేదు. పట్టుకుంటే చెయ్యి చెప్పేస్తుంది కదండీ. ఈ అమ్మాయి లైబ్రరీల్లో తవ్వడం మొదలెట్టింది. ఓడ సంగతి ఎలాగూ తేలిపోతుంది. దాంతో పాటు నాదీ తేలిపోతుందని..."

ఆయన ఎవరిని చూసి దాక్కున్నాడో అప్పుడు తెలిసింది. వాళ్లనీ వీళ్లనీ కాదు, నన్ను. నేను చదివిన ఆ లావు పుస్తకంలో ఓడ పొడవుంది, ఫిరంగులున్నాయి, ఇంజన్ల బలముంది, కమాండర్ల పేర్లు కొన్ని ఉన్నాయి. వంటవాళ్లెవరూ లేరు. ఎన్నాళ్లు తవ్వినా నాకు ఈయన దొరికేవాడు కాదు. ఆ మాట చెప్దామని నోటిదాకా వచ్చింది. అది విని ఆయన సంతోషించాలో ఏడవాలో నాకే తెలియక మింగేశాను.

రైల్వే ఆయన దగ్గర కూడా జోక్ లేదు. ఆయన స్కూటర్ తాళంచెవి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే అంకుల్ వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడే. అప్పుడు చాయ్ బండి ఆయన, అన్నేళ్లుగా ఆ కథలన్నీ విని ఒక్క ముక్క మాట్లాడని మనిషి, స్టవ్ మంట తగ్గించి అడిగాడు.

"సార్, ఓడ గిట్ల గట్ల ఊగుతుంటే గిన్నెల చాయ్ ఎట్ల నిలవడుతది?"

అంకుల్ ఆయన వంక అనుమానంగా చూశాడు, ఎగతాళేమోనని. కాదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"నిండా పొయ్యకూడదు" అన్నాడు అంకుల్ నెమ్మదిగా. "సగానికి కొంచెం తక్కువ. పొయ్యి చుట్టూ ఇనప కడ్డీలుంటాయి, గిన్నె జారకుండా. గిన్నెకీ కడ్డీకీ సందుంటే తడి గుడ్డ కూరాలి. నూనె మూకుడు మాత్రం పెట్టనివ్వరు ఆ గాలిలో."

"మరి మీరు పడరా?"

"కాళ్లు ఎడంగా పెట్టాలి. ఇలా."

తెల్ల బూట్లు ఎడంగా పెట్టి చూపించాడు. చాయ్ బండి ఆయన పాలగిన్నెను పట్టకారుతో ఎత్తి ఆయన చేతికిచ్చాడు. అంకుల్ దాన్ని కుడికి ఒంచాడు, ఎడమకి ఒంచాడు. పాలు అంచుదాకా వచ్చి వెనక్కి పోయాయి. ఒక్క చుక్క కింద పడలేదు. లెక్చరర్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. రైల్వే ఆయన, "ఇంకింత ఊపున్రి, తుపాను రానియ్యిన్రి" అన్నాడు.

బాగా కనపడాలని నేను ఇంకాస్త ముందుకు జరిగాను.

"అడ్డు తప్పుకో అమ్మాయ్" అన్నాడు అంకుల్, నా వంక చూడకుండానే. "కాళ్ల మీద పడతాయి."